రోహిణి కార్తెలో కంచె

మా ఇంటి వెనక గోడ 2009 అక్టోబరు 2న పడిపోయింది. కర్నూలు వాళ్లకు ఆ తేదీ గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ పొంగి పాతబస్తీని మధ్యలో పెట్టి ముంచేశాయి. మేము రెండు రాత్రులు మిద్దె మీద గడిపి కిందికి దిగేసరికి పెరట్లో మోకాటిలోతు బురద, ఆ బురదలో బోర్లాపడ్డ ఇటుకల వరస. గోడ అవతలి ఖాలా వాళ్ల పెరడూ మా పెరడూ కలిసి ఒకటే మడి అయ్యాయి.

ఖాలా మాకు చుట్టం కాదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ వీధి పిల్లలు పిలిచినట్టే నేనూ పిలుస్తున్నాను. అయినా వరదకు ముందు పదకొండేళ్లలో ఆమె వంటిల్లు ఎట్లా ఉంటుందో నేను చూసి ఎరగను. వరద తర్వాత మూడు వారాలు రెండిళ్లకూ ఒకటే పొయ్యి. మూడు రాళ్లు పెట్టి, ఊడిపోయిన తలుపు చెక్కలు ఎండబెట్టి మంటేసేవాళ్లం. ఆమె కిచిడీ వండితే మా అత్త ఖట్టాకు చింతపండు పిసికేది. ఎవరి పిల్లలు ఎవరి ముందు కూర్చుని తింటున్నారో చూసుకునే ఓపిక కూడా ఎవరికీ ఉండేది కాదు.

ఇళ్లు ఒక దారికి వచ్చాక మళ్లీ హద్దు అవసరమైంది. ఇటుక గోడ కట్టే డబ్బు రెండిళ్లలోనూ లేదు. రాతి కూసాలు నాటి, నడుమెత్తు బేతంచెర్ల నాపరాళ్లు నిలబెట్టి, పైన ఇనుపజాలీ బిగించాం. ఖర్చు చెరిసగం. గట్టి పని. నేటికీ ఒక్క కూసం వంగలేదు.

అయితే జాలీలోంచి అంతా కనబడుతుంది. మొదట్లో అది పట్టలేదు. సంక్రాంతికి ముందు ఒక రోజు మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయని పెరట్లో నిలబెట్టి గట్టిగా అరిచాను. చెయ్యి కూడా లేచింది. తల తిప్పితే జాలీ అవతల ఖాలా చేటలో బియ్యం చెరుగుతూ ఉంది. ఆమె ఏమీ అనలేదు, ఇటు చూడను కూడా లేదు. చూడనట్టు తల వంచుకుని ఆమె చెరుగుతున్న ఆ తీరు నాకు మాటకంటే ఎక్కువగా తగిలింది. ఆ సాయంత్రమే అనుకున్నాను, ఈ జాలీని ఏదైనా తీగతో కప్పేయాలి, అదీ తొందరగా.

‘తొందరగా’ అనే ఆ ఒక్క మాట నా చేత నాలుగేళ్లు తప్పులు చేయించింది.

చలికాలంలో మా వీధికి మొక్కల బండి వస్తుంది. ఆ మొక్కల్లో చాలామటుకు గోదావరి ఒడ్డున కడియంలో పెరిగి లారీల్లో ఇక్కడికి దిగినవే. పరదాలాగా కిందికి వేలాడే తీగ ఒకటి ఉంది, కర్టెన్ క్రీపర్ అంటారు. బర్మా, థాయ్‌లాండ్ వైపుది. పట్నాల్లో పెద్ద పెద్ద భవనాల మీద నుంచి పచ్చటి జలపాతంలా దిగుతూ ఉంటుంది. “ఆరు నెలల్లో అవతలి మనిషి కనబడరమ్మా” అన్నాడు బండి అతను. నాకు కావలసిన మాట అదే. ఎనిమిది మొక్కలు కొన్నాను.

మా నేల పైన జానెడు నల్లమట్టి, దాని కింద సుద్ద. పలుగు వేస్తే ఠంగుమంటుంది. గుంతలు తవ్వడానికే రెండు రోజులు పట్టింది. మొదటి వానాకాలం తీగలు నిజంగానే జాలీ సగం దాకా వచ్చాయి. తర్వాత ఆకులు పాలిపోవడం మొదలైంది. ఆకంతా పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా మిగిలాయి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదని, లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద కొట్టమని ఎరువుల అంగట్లో చెప్పారు. కొట్టాను. పదిహేను రోజులు పచ్చబడేది, మళ్లీ పాలిపోయేది. వేసవి వచ్చాక సంగతి ఇంకా కష్టమైంది. నాపరాయి పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటిదాకా కక్కుతూనే ఉంటుంది. మే నెల రాత్రి ఆ బండకు వీపు ఆనించి కూర్చోలేం. అట్లాంటి బండకు ఆనుకుని ఆ లేత తీగలు బతకాలని నేను కోరుకున్నాను.

నీళ్లు పోశాను. మా వీధికి రెండు రోజులకోసారి నీళ్లు వచ్చేవి. బట్టలుతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అవీ చాలక ఒక్కోసారి తాగే నీళ్ల డ్రమ్ములోంచీ ముంచి పోశాను. ఇప్పుడు తలచుకుంటే మనసు నొచ్చుకుంటుంది. నేను పుట్టింది కడప జిల్లాలో, పెన్న ఒడ్డున. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వి, గిన్నెతో నీళ్లు తోడి బిందె నింపిన చేతులివి.

రెండో వేసవిలో ఎనిమిదీ పోయాయి. మొదళ్లు పీకినప్పుడు చూసింది నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. మొక్క ఎంత ఉండతో నల్లకవరులో వచ్చిందో, ఏడాదిన్నర తర్వాత కూడా వేర్లు అంతే ఉండగా ఉన్నాయి. కవరు అంచు అచ్చు కూడా పోలేదు. లోపల గోదావరి ఒండ్రుమట్టి మెత్తగా, గోధుమ రంగులో. చుట్టూ మా సుద్ద తెల్లగా, గట్టిగా. ఒక్క వేరు కూడా అంచు దాటి బయటికి రాలేదు. కడియం వైపు ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. మాకు 670 పడితే మంచి ఏడు అనుకుంటాం, అది కూడా నాలుగైదు పెద్ద వానల్లోనే అయిపోతుంది. ఆ మొక్కలో లోపమేమీ లేదు. తన ఊరి మట్టి పిడికెడు పట్టుకుని, అందులోనే ముడుచుకుని కూర్చుంది.

తర్వాత కాగితం పూల తీగ పెట్టాను. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎండకు భయపడదు, నీళ్లు తగ్గిస్తే ఇంకా ఎక్కువ పూస్తుంది. మా కర్నూలులో అది బాగా బతికే మాట నిజమే. కానీ దాని బరువుకు జాలీ రెండుచోట్ల కుంగింది. పైగా తీగకు ఎండ అటువైపు ఎక్కువ, అందుకని కొమ్మలన్నీ అటే పోయాయి. ఒక రోజు ఖాలా మనవరాలు ఓణీ ముళ్లకు చిక్కి బారెడు చినిగింది, ముంజేతి మీద నెత్తుటి గీత పడింది. ఆ పిల్ల ఏడవలేదు. ఖాలా పసుపు అద్దుతూ “ముళ్లు నీవైపు కోసినావు, మావైపు కోయలేదు కదమ్మా” అంది, అంతే. అటు చెయ్యి అందలేదని చెప్పబోయి ఊరుకున్నాను. అందకపోవడం నిజమే కానీ, అటు వెళ్లి కోయొచ్చన్న ఆలోచన నాకు రాలేదన్నది అంతకంటే నిజం. మరుసటి వారం మనిషిని పెట్టి మొదలంటా తీయించాను.

ఆ ఏడాది, అంటే 2014లో, మా మేనమామ ఇంట్లో పెళ్లికి చెన్నూరు వెళ్లాను. కడప నుంచి కర్నూలు వచ్చే దారిలో పెన్న పక్కనే ఉంటుంది చెన్నూరు. అక్కడి తమలపాకులకు చుట్టుపక్కల మంచి పేరు. మామ వాళ్లది తాతల నాటి ఆకుతోట. చిన్నప్పుడు అందులో ఆడుకున్నదాన్నే. కానీ ఆ తోట ఎట్లా నిలబడుతుందో ఏనాడూ గమనించి చూడలేదు. పెళ్లి హడావుడి అయిపోయిన మర్నాడు పొద్దున్నే మామతో పోయాను. తోట అంచున చెప్పులు విడవాలి. ఆకుతోటలోకి చెప్పులతో పోవడం అక్కడ ఎవరూ సహించరు.

లోపలికి అడుగు పెడితే వేరే ఊరికి వచ్చినట్టే ఉంటుంది. బయట ఎండ కళ్లు పొడుస్తుంటే లోపల మట్టి అరికాలికి చల్లగా తగులుతుంది. సాళ్ల పొడుగునా సన్నగా పొడుగ్గా అవిసె చెట్లు, ఒక్కో చెట్టుకూ తమలపాకు తీగ, జమ్ముతో వదులుగా వేసిన కట్లు. వెలుతురు అవిసె ఆకుల్లోంచి చిల్లులు చిల్లులుగా దిగుతుంటుంది. నా కంచె కథంతా మామకు చెప్పాను. ఆయన తీగ కట్టు ఒకటి సరిచేస్తూ విన్నాడు. విని, “తీగ నాటేది తర్వాత పాపా, ముందు నీడను నాటాల” అన్నాడు. అవిసె గింజలు రెండు మూడు నెలలు ముందే వేస్తారు. అవి మనిషెత్తు లేచి, నేల మీద కాస్త నీడ పరిచాకే తమలపాకు తీగ ముక్కలు పెడతారు. “తీగకు కాళ్లు సల్లగుండాల. తలకు ఎంత ఎండైనా తట్టుకుంటాది. నువ్వు బండ పక్కన కాళ్లు పెట్టించినావు, దానికి నిలబడేదెట్ల?”

ఇంకో మాట కూడా చెప్పాడు. తీగ పైదాకా ఎక్కిన తర్వాత ఏడాదికోసారి దాన్ని దింపేస్తారు. కట్లన్నీ విప్పి, తీగను జాగ్రత్తగా కిందికి దించి, ముదిరిన కాండాన్ని చుట్టలా మట్టిలో పరిచి, కొసను మాత్రం మళ్లీ చెట్టుకు కడతారు. ఆ పరిచిన చుట్టకు కణుపు కణుపుకీ కొత్త వేర్లు వస్తాయి. దించిన కొత్తలో తోట బోసిగా, కేవలం కర్రల వరసలా ఉంటుంది. ఆకు కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్లిపోతారు. “ఆ నెల మాకు బాధే. దించకపోతే ఇంకో రెండేళ్లకు తోటే ఉండదు” అన్నాడు మామ. వందేళ్లకు పైగా ఆ కుటుంబం అన్నం తింటున్న తోట అట్లా ఏటా ఒకసారి బోసిపోతూనే ఉంది. నేను మాత్రం నా కంచె పన్నెండు నెలలూ పచ్చగోడలా ఉండాలని పట్టుబట్టాను.

తిరుగు ప్రయాణంలో కమలాపురంలో మా చిన్నమ్మను చూసి వెళదామని అటు పోయాను. దారి పొడుగునా రెండువైపులా సర్కారు తుమ్మే. ఆ చెట్టు గురించి మా జిల్లా వాళ్లకు ఒక విషయం తెలిసి ఉండాలి అనిపిస్తుంది నాకు. మెక్సికో, మధ్య అమెరికా వైపు పుట్టిన ఆ చెట్టు విత్తనాలు కావాలని 1876లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి మద్రాసు ప్రభుత్వాన్ని అడిగాడు. 1877లో దాన్ని తొలిసారి తెచ్చి నాటింది ఈ కమలాపురంలోనే. ధాత కరువు నడుస్తున్న రోజులవి. పొయ్యిలోకి కట్టె లేదు, పశువుకు నీడ లేదు. తొందరగా పెరిగేది, నీళ్లు అడగనిది, మేకలు ఆకు ముట్టనిది ఒకటి కావాలనుకున్నారు. ఆ కోరికను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. అది కోరినట్టే పెరిగింది. దాని తీపి కాయలు పశువులు తిని, పేడతో పాటు గింజల్ని ఊరూరా చల్లాయి. వంకలు, చెరువు గర్భాలు, బీళ్లు దానితో నిండిపోయాయి. దాని కింద గడ్డి మొలవడం కష్టం. ఈనాడు దాన్ని కాల్చి బొగ్గు చేసుకుని బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఆ మేలునూ కాదనలేం. కానీ తొందరగా కప్పేది ఎక్కడ ఆగాలో దానికి మనం చెప్పలేం.

మా జేజి చిన్నప్పుడు ఊళ్లో పెరటి కంచెలన్నీ నాగజెముడువేనట. అదీ అమెరికా నుంచి వచ్చిందే, అదీ హద్దు దాటి పొలాల మీద పడిందే. 1920ల్లో సింహళం నుంచి తెచ్చి వదిలిన ఒక పురుగు దాన్ని తినేసింది. తెల్లటి బూజులా పట్టేదని, వేలితో నలిపితే ఎర్రగా అంటేదని జేజి చెప్పేది. ఒక ఏడాదిలో ఊరి కంచెలన్నీ కుళ్లి కూలిపోతే, ఇళ్లకు ఇళ్లు ఒకరికొకరు కనబడుతూ నిలబడ్డాయట. జేజి ఆ సంగతి ఎందుకో నవ్వుతూ చెప్పేది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

కర్నూలు వచ్చాక మొట్టమొదటిసారి ఖాలాను అడిగాను, ఈ కంచెకు ఏం పెడితే బాగుంటుందని. నాలుగేళ్లుగా కంచె ఇద్దరిదీ, ఎంపిక మాత్రం నాదొక్కదానిదే అయింది. ఆమె ఆశ్చర్యపోలేదు. “మన వీధిలో ఎవరూ నీళ్లు పోయకుండా ఏది బతుకుతోందో చూసినావా?” అంది.

చూశాను. ఆ సాయంత్రం నుంచి వారం రోజులు అదే పని. పాడుబడ్డ ప్రహరీల మీద, కరెంటు స్తంభాల మొదట్లో, వేపచెట్ల మీద. నల్లేరు కనిపించింది, పలకలు పలకలుగా, కణుపు కణుపుకూ విరిగేట్టు, రాయి మీద రాయిలా. నల్లేరు మీద బండి నడక అని నిత్యం అంటుంటాం, కానీ ఆ తీగను ఆగి చూసి ఎన్నేళ్లయిందో. దూసరతీగ కనిపించింది. దాని ఆకు పిండి ఆ రసం నీళ్లలో కలిపితే కాసేపటికి జున్నులా గడ్డకడుతుంది, చిన్నప్పుడు మేం చేసుకునే ఆట అది. పాత గుడి వెనక గురివింద ఉంది. అది అందంగా ఉంటుంది కానీ ఆ గింజలో విషం ఉంది, పిల్లలున్న ఇంటికి వద్దనుకున్నాను. అన్నిచోట్లా కనిపించింది తిప్పతీగ. వేపచెట్టు పైకొమ్మ నుంచి తాళ్లలా వేలాడుతూ, కొన్నిచోట్ల మొదలు తెగిపోయి కూడా, పచ్చగా.

ఖాలా వాళ్ల వాకిట్లో వేపచెట్టు మీదున్న తిప్పతీగ నుంచి బొటనవేలంత లావు ముక్కలు ఆరు కోసి ఇచ్చింది. మామ మాట గుర్తుపెట్టుకుని బండకు రెండడుగుల ఎడంగా నాటాను. మొదట్లో ఆవగింజంత నీడైనా ఉండాలని గోరింటాకు కొమ్మలు ఖాలావైపు వరసగా పెట్టింది ఆమె. తీగకు నీడా అవుతుంది, పండక్కి ఆకూ అవుతుంది. జలదారి నీళ్లు పోయే చోట దొండ తీగ ముక్కలు పాతాం. నాపరాళ్ల అడుగున నల్లేరు. మిగిలిన ఖాళీల్లో శంఖుపుష్పం గింజలు చల్లాను. ఒక మట్టికుండను మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెట్టాం. ఆ కుండ ఒళ్లంతా చెమర్చినట్టు నీటిని మెల్లగా మట్టికి ఇస్తుంది. వారానికి రెండుసార్లు నింపితే చాలు.

ఆ వానాకాలం నేను దొండతీగను రోజూ చూసేదాన్ని. నులితీగ ఒకటి పురికొసకంటే సన్నగా గాలిలోకి చాచుకుని, కంటికి తెలియనంత నెమ్మదిగా వలయం తిరుగుతూ వెతుకుతుంది. జాలీ తీగ తగిలిందా, రెండు చుట్లు వేసి పట్టుకుంటుంది. పట్టుకున్నాక అసలు పని మొదలవుతుంది. మధ్యలో ఉన్న భాగం స్ప్రింగులా చుట్టుకుంటూ మొక్కను జాలీ దగ్గరికి లాగుతుంది. దగ్గరగా పెట్టి చూస్తే ఆ స్ప్రింగు సగందాకా ఒకవైపు తిరిగి, నడిమధ్యన ఒక చిన్న మెలిక దగ్గర ఆగి, మిగతా సగం ఎదురువైపు తిరిగి ఉంటుంది. రెండు కొసలూ బిగిసి ఉన్నప్పుడు ఒకేవైపు తిరిగితే తీగ పురి పడి తెగిపోతుంది, అందుకే ఆ రెండు తిరుగుళ్లు. చార్లెస్ డార్విన్ జబ్బుపడి గది దాటలేని రోజుల్లో, అమెరికా నుంచి ఆసా గ్రే పంపిన గింజలతో పెంచిన ఒక తీగను ఇట్లాగే గంటల తరబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూసిందంతా 1865లో ఎక్కే మొక్కల గురించి ఒక పెద్ద వ్యాసంగా రాశాడు. ఆయన మంచం పక్కన చూసిందే నా పెరట్లో నా కంటికి జానెడు దూరంలో జరుగుతుంటే కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయేదాన్ని.

సంక్రాంతికి కంచె నిండింది. జాలీ కనబడలేదు. నాకెంతో తృప్తి. ఫిబ్రవరి చివర్లో శంఖుపుష్పం ఎండింది. మార్చిలో తిప్పతీగ ఆకులు ఒక్కొక్కటే పసుపై రాలాయి. ఏప్రిల్‌కు దొండ కూడా. 2015 మే నెల వచ్చింది. ఆ నెల వడగాడ్పులు తెలుగువాళ్లెవరూ మరిచిపోయి ఉండరు, ఆంధ్రలోనే వెయ్యిమందికి పైగా పోయారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఏడు రోహిణి రాకముందే పగిలేట్టు ఉన్నాయి. నా కంచె మీద పుల్లలు తప్ప ఏమీ లేవు. మళ్లీ అదే కథ అనుకున్నాను. ఐదేళ్లు, ఇంత కష్టం, మళ్లీ అదే.

ఒక పొద్దున కోపంగానే పలుగు పట్టుకుని దొండ మొదలు దగ్గర తవ్వడం మొదలుపెట్టాను. ఎండిన తీగను పీకి పారేసి ఇంకేదైనా పెట్టాలని. అడుగు లోతుకు పోయాక పలుగు మెత్తటి దేనిలోనో దిగింది. చేత్తో మట్టి తీసి చూశాను. చిన్న ముల్లంగి అంత దుంప. పలుగు దిగిన గాటులోంచి నీరు ఊరుతోంది. వేలు పెడితే చల్లగా, జిగురుగా. పైన 43 డిగ్రీల ఎండ, చుట్టూ ఇటుకలా గట్టిపడ్డ మట్టి, ఆ మట్టి మధ్యన అది నీళ్లు నింపుకుని కూర్చుని ఉంది. ఆకులన్నీ తనే రాల్చుకుంది. ఆకు ఉంటే ఆవిరై పోయే నీటిని కిందికి దించుకుని దాచుకుంది. నేను చావు అనుకున్నది దాని జాగ్రత్త. ఆ జాగ్రత్త మీద నేను పలుగు దించాను.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. జాలీ అవతలి నుంచి ఖాలా చూస్తూనే ఉంది.

“అది చచ్చిపోయిందని నీకెవరు చెప్పినారమ్మా?”

నేనేమీ మాట్లాడలేదు. ఆమె ఇటువైపు వచ్చి, గాటు మీద పొయ్యిలో బూడిద అద్ది, దుంపను అట్లాగే గుంతలో పెట్టి మట్టి కప్పింది. తర్వాత నన్ను తిప్పతీగ దగ్గరికి పిలిచి, “గోటితో గీకి చూడు” అంది. కాగితంలాంటి పలచటి బెరడు. గీకితే కింద లేత ఆకుపచ్చ, ఇంత ఎండలోనూ తడిగా. ఆ పచ్చదనంతోనే అది ఆకులు లేని మూడు నెలలూ గడుపుతుంది. “మేము రోజా ఉంటామా లేదా? చెట్టు కూడా ఉంటాది” అంది ఖాలా. వానలు పడేదాకా ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయొద్దంది.

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు ఒక వాన పడింది. వారం తిరిగేసరికి తిప్పతీగ కణుపు కణుపుకూ చిటికెన వేలి గోరంత ఆకులు, గుండె ఆకారంలో. దొండ మాత్రం రాలేదు. రోజూ పొద్దున ఆ చోట కూర్చుని చూసేదాన్ని. ఇరవై రోజుల తర్వాత, గాటు పడిన వైపు కాకుండా రెండోవైపు నుంచి, మట్టిని పగలగొట్టుకుని ఒక మొలక తల ఎత్తింది. దాని కొసన అప్పటికే ఒక నులితీగ ఉంది, ఇంకా దేన్నీ పట్టుకోకుండా, గాలిలో.

ఎండాకాలం బోసిపోవడం ఈ నేల మీద పుట్టిన తీగకు ఉన్న హక్కు అని నేను నమ్ముతున్నాను. పన్నెండు నెలలూ పచ్చగా ఉండే తీగ కావాలంటే ఆ పచ్చదనానికి ఎవరో ఒకరి బిందె ఖాళీ కావాలి. ఇప్పుడు ఎవరైనా మా కంచె చూసి ఏ తీగ పెట్టాలని అడిగితే, మే నెలలో ఒకసారి వచ్చి చూసి పొమ్మంటాను. చాలామంది అప్పుడు వచ్చి చూసి పెదవి విరుస్తారు. ఆ పుల్లలు చూసి కూడా ముక్క అడిగి తీసుకుపోయేవాళ్లకు, నాకు చెయ్యి చాచి కోసివ్వాలనిపిస్తుంది. అట్లా మా తిప్పతీగ ఈ వీధిలో ఐదిళ్లకు పోయింది.

ఆకు నిండుగా ఉన్న నెలల్లో కంచెకు అవతలా ఇవతలా ఎవరి సంసారం వాళ్లది. ఆకులో పిగిలిపిట్ట గూడు కడుతుంది, తిప్పతీగ ఎర్రటి పండ్లు తింటుంది. పాములొస్తాయని మా ఆయన మొదట్లో భయపడ్డాడు. కంచె మొదట్లో చెత్త చేరనీయకుండా ఊడ్చుకుంటున్నాం, ఇంతవరకు ఏమీ రాలేదు. మార్చి వచ్చి ఆకు రాలడం మొదలయ్యాక ఖాలా వంటిల్లు మళ్లీ కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం బండ చల్లారే దాకా ఆగి, ఇద్దరం జాలీకి చెరోపక్క మంచాలు వేసుకుని పడుకుంటాం. మాటలన్నీ ఆ రెండు నెలల్లోనే. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిన సంగతి నేను మొదట చెప్పింది అట్లా ఒక మే నెల రాత్రే. లెక్కల్లో వాడికి మార్కులు తక్కువొచ్చిన రోజు ఆమెకు గుర్తుందని కూడా అదే రాత్రి తెలిసింది. “నాకు అప్పుడు మా వాడు గుర్తొచ్చినాడు, అందుకే తల ఎత్తలేకపోతి” అంది. వాళ్ల అబ్బాయి గురించి ఆమె అంతకుముందు ఎన్నడూ నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడింది.

పోయిన ఏడాది కూలి మనిషి పెరడు చదును చేస్తూ తిప్పతీగ మొదలొకటి పొరపాటున నరికేశాడు. పైన ఉన్న తీగంతా కూసానికి చుట్టుకుని, నేలతో ఏ సంబంధమూ లేకుండా గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. తీసెయ్యబోతే ఖాలా వద్దంది. నెల తిరక్కుండానే పై కణుపు నుంచి దారంలాంటి వేరు ఒకటి దిగడం మొదలుపెట్టింది. పసుపుపచ్చగా, సన్నగా, నిటారుగా, నేలకు గురిపెట్టినట్టు. ఖాలాకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. రోజూ సాయంత్రం మంచం మీద కూర్చుని అడిగేది, “ఇంకా ఎంత దిగాల?” నేను వేళ్లతో కొలిచి చెప్పేదాన్ని. మూరెడు ఉంది ఖాలా. జానెడు ఉంది. నాలుగు వేళ్లు.

అది తగిలే చోట ఆమె మనవరాలు మట్టిని గుల్ల చేసి, చెంబెడు నీళ్లు పోసి పెట్టింది.